రంగూన్ బియ్యం వ్యాపారి మనవడు

మా ఆయనతో కలిసి యుద్ధం సినిమా చూడటమంత శిక్ష ఇంకోటి లేదు, ఒట్టు. మనం ముక్కు ఎగబీలుస్తూ ఏడుద్దామనుకునేసరికి రిమోట్ తీసి ఠక్కున ఆపేస్తాడు. "చూశావా గిరిజా, ఆ వాటర్ బాటిల్ మూత? అలాంటివి యుద్ధం అయిపోయాక గానీ రాలేదు" అంటాడు. తెర మీద ఒకడు ప్రాణాలు వదులుతుంటే ఈయన వాడి చేతి గడియారం చూస్తుంటాడు. హెయిర్‌కట్ తప్పు, బెల్టు తప్పు, లారీ టైరు తప్పు. "సినిమా కదండీ, కాస్త వదిలేయండి" అన్నానా, ఒంటికాలి మీద లేస్తాడు. చరిత్రంటే ఎవడికి తోచినట్టు వాడు రాసుకునేది కాదని నాకు క్లాసు పీకుతాడు.

పేరు భాస్కర్. నార్త్ కరోలినాలో క్యారీ అనే ఊళ్ళో ఉంటాం. ఆయన చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకుంటే జీతమిస్తారు. ఆ జబ్బు ఇంటిదాకా వచ్చింది, నా పప్పులో కూడా బగ్గులు వెతుకుతాడు. అలాగని చెడ్డవాడు కాదు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఎవరిని తీసుకురావాలన్నా, ఎవరింట్లో ఆపరేషన్ అయినా ముందు కారు తీసేది ఈయనే. తెలుగు అసోసియేషన్ పండగల్లో కుర్చీలు వేసేదీ, చివరికి చెత్త సంచులు కట్టేదీ ఈయనే.

ఇంకో అలవాటుంది. పార్టీలో నలుగురు చేరితే చాలు, పేపర్ ప్లేటు పట్టుకుని మొదలెడతాడు. "మా తాతగారు రంగూన్‌లో బియ్యం వ్యాపారి. గోడౌన్లు, గుర్రబ్బండి, ఇంటి నిండా నౌకర్లు. యుద్ధంలో అంతా పోయింది." ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. గోడౌన్లు ఏటికేడూ పెరుగుతూ వచ్చాయి గానీ తగ్గలేదు.

మా మామయ్యగారు మా దగ్గరే ఉంటారు. ఆయన పుట్టింది రంగూన్‌లోనే. మా ఆయన కథ చెబుతున్నప్పుడు సోఫా మూలన కూర్చుని ఉంటారు. ఎవరైనా "నిజమా అంకుల్?" అంటే "ఆఁ" అంటారు, అంతే. ఇంకో మాట మాట్లాడబోతే మా ఆయన "నాన్నా, అలిసిపోయావు, వెళ్ళి పడుకో" అని లోపలికి పంపేస్తాడు. ఆయన శ్రీకాకుళం యాస నలుగురి చెవినా పడుతుందని భయం. మామయ్యగారి పేరు సింహాద్రి. జనానికి పరిచయం చేసేటప్పుడు మాత్రం "సింహాద్రిరావుగారు" అంటాడు. ఆ రావు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ అని ఒకసారి అడిగితే "మర్యాద" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. నేను బెజవాడ పిల్లని. మామయ్యగారు విశాఖ పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యారని తెలుసు. అంతకుముందు కథంతా మా ఆయన నోట విన్నదే. కట్టుకున్నవాడు చెబితే నమ్మనా మరి?

మొన్న ఏప్రిల్‌లో రేచెల్ అనే అమ్మాయి మా అసోసియేషన్‌కి ఫోన్ చేసింది. చిన్న సినిమా ఒకటి తీస్తోందట. 1942లో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేస్తే లక్షల మంది మనవాళ్ళు అడవుల్లో పడి కాలినడకన దేశానికి వచ్చారు కదా, విమానం కూలిపోయిన ఒక అమెరికన్ పైలట్ ఆ గుంపులో కలుస్తాడు. అదీ కథ. బర్మా వెళ్ళే స్తోమత లేదు కాబట్టి మా ఊరి పక్కన చెరువు గట్టు అడవిలో తీస్తారట. ఆ నడిచే గుంపుకి ఇండియన్ మొహాలు కావాలి.

కల్చరల్ సెక్రటరీ అవినాష్ ఆ సంగతి వాట్సాప్‌లో పెట్టాడో లేదో, మా ఆయన రేచెల్ ముందు వాలాడు. తాతగారి గోడౌన్ల కథ చెప్పాడు. ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. నిజమైన కుటుంబం దొరికిందని ఉబ్బిపోయి స్క్రిప్టు తిరగరాసింది. గుంపులో ఒక ధనవంతుడైన బియ్యం వ్యాపారి, పట్టుచీర కట్టిన భార్య, చిన్న కొడుకు. దారిలో బంగారం, కోటు, గర్వం అన్నీ ఒక్కొక్కటే పోతాయి, చివరికి భార్య కూడా పోతుంది. "జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు" అందట.

మా ఆయన ఇంటికి వచ్చేసరికి నేల మీద లేడు. "నా పేరు హిస్టారికల్ అడ్వైజర్ అని వేస్తారు. తాతగారి వేషం నాదే. నానమ్మ నువ్వు."

"నేనా? నాకు యాక్టింగ్ ఏం తెలుసండీ?"

"ఏడవడం తెలుసుగా."

"మామయ్యగారిని ఒక మాట అడగకూడదా? నడిచి వచ్చింది ఆయన కదా!"

"నాన్నకేం గుర్తుంటుంది? అప్పటికి అయిదేళ్ళ పిల్లాడు."

మామయ్యగారు పక్క గదిలోనే ఉన్నారు, తలుపు తీసే ఉంది.

ఇక అక్కణ్ణుంచి ఈయన హడావుడి చూడాలి. కోటు గుండీలు కొమ్ముతో చేసినవి కావాలన్నాడు. ఇత్తడి చెంబు అంచు అలా ఉండకూడదన్నాడు. లాంతరు మార్పించాడు. వ్యాపారి పెట్టె మోసే కూలీ ఒకడు తూలిపడబోతే వ్యాపారి కసురుకునే సీను ఒకటుంది. దానికి రేచెల్ ఏదో మెత్తని మాట రాసుకుంటే ఈయన కొట్టేయించాడు. "అప్పట్లో షావుకార్లు కూలీలతో అలా మాట్లాడరు. అథెంటిక్‌గా ఉండాలి" అని తానే తెలుగులో రాసిచ్చాడు. "నడవరా, తిండి దండగ వెధవా!" అని.

షూటింగ్ రోజు చూడాలి మా వాళ్ళ సంబరం! శనివారం పొద్దున్నే కార్ల నిండా పులిహోర, పెరుగన్నం, పిల్లలకి చిప్స్. ఆకలితో మాడి నడిచే కాందిశీకుల వేషానికి బయల్దేరి, ఎవరు ఎక్కువ డబ్బాలు తెచ్చారా అని పోటీ. ఒకావిడ ముందురోజే ఐబ్రోస్ చేయించుకుని వచ్చింది. ఇంకొకావిడ వజ్రాల ముక్కుపుడక తీయనంటే తీయనంది. చిరిగిన చీరల్లో సెల్ఫీలు. నవ్వొద్దు నవ్వొద్దని అసిస్టెంట్ కుర్రాడు చేతులు జోడించి తిరుగుతున్నాడు పాపం.

అసలు తంటా బట్టల దగ్గర వచ్చింది. షావుకారు బంధువుల బట్టలు క్షణంలో అయిపోయాయి. గుమాస్తాల బట్టలూ అయిపోయాయి. కూలీల గుడ్డలు మాత్రం టేబుల్ మీద గుట్టగా అలాగే ఉండిపోయాయి. ఒక్కరు ముట్టుకోలేదు. "మా అత్తగారు చూస్తే బాగుండదండీ" అని ఒకావిడ. "ఫేస్‌బుక్‌లో పడితే ఊళ్ళో ఏమనుకుంటారు?" అని ఒకాయన. కాస్ట్యూమ్స్ చూసే అమెరికన్ ఆవిడకి ఏమీ అర్థం కాక, ఆ గుడ్డలు శుభ్రంగా ఉతికినవేనని అందరికీ చెప్పి చూసింది. నేనేమైనా తక్కువ తిన్నానా? పట్టుచీర అంచు సర్దుకుంటూ చోద్యం చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు మా అమ్మాయి నైనిక వచ్చింది, తాతని వెంటబెట్టుకుని. దానిది అమెరికన్ తెలుగు. "తాతా సీ చేయాలి కదా అమ్మా, ఇది తాతా స్టోరీ" అంది. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. రేచెల్ పరుగున వచ్చి మామయ్యగారి రెండు చేతులూ పట్టుకుంది. మిమ్మల్ని కలవడం నా అదృష్టం, మీ నాన్నగారు అంత పెద్ద బియ్యం వ్యాపారి కదా అంది. నైనిక తెలుగులో చెప్పబోయింది గానీ ఆయనకి అవసరం లేకపోయింది. కొడుకు వైపు ఒకసారి చూశారు. కోటు, వాచీ గొలుసు, కొమ్ము గుండీలు అన్నీ చూశారు.

"ఎస్" అన్నారు. "రైస్ మర్చెంట్."

తర్వాత టేబుల్ దగ్గరికి నడిచారు. "ఈ గుడ్డలెవులివమ్మా?" అని నన్నడిగారు.

"కూలీలవి మామయ్యగారూ. ఎవరూ వేసుకోవట్లేదు."

ఒక తలగుడ్డ తీశారు. వేళ్ళతో మెలితిప్పి, చుట్టి, చుట్టకుదురు చేశారు. ఎనభై దాటిన ఆ చేతులు రోజూ చేసే పనిలా చేసేశాయి. దాన్ని నెత్తి మీద పెట్టుకుని పెట్టె దగ్గరికి వెళ్ళారు.

మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. "నాన్నా, నీకెందుకు? నువ్వొద్దు."

"పర్నేదు బాబూ. ఎవులూ నేరు గదా. కాళీ పెట్టే గదేటి."

రేచెల్ ఎగిరి గంతేసింది. కెమెరా తిరిగింది. మామయ్యగారు పెట్టె నెత్తిన పెట్టుకుని, మెడ నిటారుగా నిలిపి, మోకాళ్ళు కాస్త వంచి నడిచారు. అనుకున్న చోట తూలారు. మా ఆయన అరవాలి. నోరు తెరిచాడు, మాట రాలేదు. రేచెల్ చెయ్యి ఊపింది. అరిచాడు.

"నడవరా, తిండి దండగ వెధవా!"

మామయ్యగారు తల వంచి, "సిత్తం బాబూ" అన్నారు. ఆ మాట స్క్రిప్టులో లేదు.

కట్ అనగానే చప్పట్లే చప్పట్లు. మా ఆయన స్నేహితుడు జితేందర్ "ఏం యాక్టింగ్ చేసిండ్రు అంకుల్! అచ్చం కూలీ లెక్కనే ఉన్నరు!" అన్నాడు. రేచెల్ ఇంకో టేక్ అడిగింది. మా ఆయన అప్పటికే బట్టల వ్యాన్ వెనక్కి వెళ్ళిపోయాడు.

నేను వెళ్ళేసరికి వ్యాన్‌కి చేతులానించి నిలబడి ఉన్నాడు. "గోడౌన్లు లేవు గిరిజా" అన్నాడు.

"ఏంటీ?"

"గోడౌన్లు లేవు. గుర్రబ్బండి లేదు. తాత రంగూన్ రేవులో మూటలు మోసేవాడు. నానమ్మ కూడా మోసేది. షావుకార్లు ఓడలెక్కి వెళ్ళిపోయారు. టికెట్టు కొనలేనివాళ్ళే అడవిలో నడిచారు."

ఆయన ఆగలేదు. చిన్నప్పుడు విశాఖలో బర్మా నుంచి వచ్చినవాళ్ళ కాలనీలో ఉండేవారట. స్కూల్లో పిల్లలు కూలోళ్ళని పక్కన కూర్చోనిచ్చేవారు కాదట. కాలేజీకి వచ్చాక ఒకడు అడిగితే తాతగారు వ్యాపారి అని నోటికొచ్చింది అనేశాడట. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

"నానమ్మ దారిలో జ్వరంతో కూర్చుండిపోయింది. లేవలేకపోయింది. ఇద్దర్నీ మోయడం తాత వల్ల కాలేదు. నాన్నని ఎత్తుకుని నడిచేశాడు. అప్పటికి ఆవిడ ప్రాణంతోనే ఉంది. నాన్న తాత భుజం మీంచి చూస్తూనే ఉన్నాడట."

నాకు ఒళ్ళు మండిపోయింది. "బాటిల్ మూత తప్పయితే సినిమా ఆపేస్తారే! కన్నతండ్రి నెత్తిన పెట్టె పెట్టి వెధవా అనడానికి నోరెలా వచ్చిందండీ మీకు?" అని అరిచేశాను. ఆ తర్వాత గానీ నా ఒంటి మీది చీర నాకు గుర్తు రాలేదు. తల కొట్టేసినట్టయింది. కూలీ గుడ్డలు ముట్టుకోనివాళ్ళలో నేనూ ఒకదాన్ని కదా.

మా ఆయన రేచెల్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ పిల్ల మంచిది, కోప్పడలేదు. సగం సినిమా అయిపోయిందనీ, డబ్బు పెట్టినవాళ్ళకి నచ్చిందే ఆ షావుకారు కథ అనీ చెప్పింది. ఉన్నవాడికి అన్నీ పోతే జనం చూస్తారు, మొదట్నుంచీ ఏమీ లేనివాడి నడకని రెండు గంటలు ఎవరు చూస్తారు అంది. ఆ మాట అన్నందుకు తనే సిగ్గుపడింది. "గుండీల గురించి నాకు అన్ని మెయిళ్ళు పెట్టావు. ఇది ఒక్కటి ఎందుకు చెప్పలేదు భాస్కర్?" అని అడిగింది.

మధ్యాహ్నం నా చావు సీను తీశారు. అంతమంది ఎదురుచూస్తుంటే మానేస్తామని ఏ మొహంతో చెబుతాం? ఆయన ఒళ్ళో తల పెట్టుకుని పట్టుచీరలో చచ్చిపోయాను. ఆయన నా తల నిమురుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అద్భుతం అన్నారు. మామయ్యగారు మడత కుర్చీలో కూర్చుని చూస్తున్నారు, ఆ చుట్టకుదురు ఇంకా చేతిలోనే ఉంది.

ఆ తర్వాత ఇంట్లో తండ్రీకొడుకులు ఈ ఊసు ఎత్తలేదు. మా ఆయన మామయ్యగారికి కాఫీ తానే కలిపి ఇవ్వడం మొదలుపెట్టాడు. కప్పు అక్కడ పెట్టి, కళ్ళలోకి చూడకుండా వచ్చేసేవాడు. పార్టీలకి వెళ్ళడం మానేశాడు. యుద్ధం సినిమాలూ మానేశాడు. నేను ఏదైనా పెడితే లేచి గరాజ్‌లోకి పోయేవాడు.

అక్టోబర్‌లో సినిమా పూర్తయింది. ఒక శనివారం మధ్యాహ్నం స్కూల్ ఆడిటోరియంలో మా వాళ్ళందరికీ వేశారు. అవినాష్ మైకు పట్టుకుని "మన భాస్కర్‌గారి తాతగారి నిజ జీవిత కథ" అన్నాడు. హాలంతా చప్పట్లు. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. ఆయనకి ఇటు నేను, అటు మామయ్యగారు.

సినిమా బాగుంది, అది కూడా చెప్పాలి. మా ఊరి పైన్ చెట్లు ఎక్కడా కనిపించలేదు. లాంతరు వెలుగులో ఆ అడవి చూస్తే గుండె జారిపోయింది. కానీ ఆ సీను వచ్చింది. రెండో టేక్ లేదు కాబట్టి ఆ ఒక్కటే పెట్టారు. "తిండి దండగ వెధవా!" అని హాలు నిండా మా ఆయన గొంతు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "సిత్తం బాబూ" అని తెర మీద తల వంచిన మామయ్యగారు, మా పక్కన కూర్చుని ఏ కదలికా లేకుండా చూస్తున్న మామయ్యగారు. నేల చీలితే దూకేద్దును.

సినిమా అయిపోయాక అవినాష్ నవ్వుతూ మైకు తెచ్చాడు. "అడ్వైజర్‌గారూ, మీ కంటికి ఏమైనా తప్పులు దొరికాయా?" అందరికీ ఈయన సంగతి తెలుసు కదా, గొల్లుమన్నారు.

మా ఆయన లేచాడు. మైకు అందుకున్నాడు.

"ఒకటుంది. గుండీలన్నీ కరెక్టే. కోటే తప్పు. కోటు వేసుకున్నాయన మా తాత కాదు. పెట్టె మోసినాయన మా తాత. గోడౌన్లు లేవు, ఏమీ లేవు. రేవులో మూటలు మోసేవాళ్ళు మావాళ్ళు. ఇన్నేళ్ళూ మీ అందరికీ అబద్ధం చెప్పాను." ఆగాడు. "మా నాన్న పేరు సింహాద్రి. రావు లేదు. అది నేను తగిలించింది."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఒకరిద్దరు మొదలుపెట్టి ఆపేశారు. జితేందర్ తల దించుకున్నాడు. ముక్కుపుడక తీయనన్నావిడ బ్యాగులో ఏదో వెతుక్కుంటోంది. మామయ్యగారు కొడుకు చొక్కా అంచు పట్టి లాగారు. "కూకో బాబూ, కూకో. సాల్లే" అన్నారు.

కారులో ఇంటికి బయల్దేరాం. సగం దూరం వచ్చాక మా ఆయన "నాన్నా, నన్ను క్షమించు" అన్నాడు.

మామయ్యగారు కిటికీలోంచి చూస్తున్నారు. "మాయమ్మ పట్టుసీర ఎప్పుడూ కట్నేదురా" అన్నారు. "ఇయ్యాల సూసినాను."

మళ్ళీ ఆయనే అన్నారు. "మా అయ్య ఆవిణ్ణి ఒగ్గేసి వచ్చీసినాడు. సచ్చిపోయినంత వరకూ ఆ మాట ఎవులికీ సెప్నేదు. అన్నం ముందర కూకుంటే ఒక్కోపాలి లేచెల్లిపోయేవోడు. సినిమాలో పక్కనే కూకున్నాడు. ఒళ్ళో ఎట్టుకున్నాడు." కొడుకు వైపు తిరిగారు. "ఇంటికాడ ఇంకోపాలి ఏస్తావేటి బాబూ?"

మా ఆయన కారు రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. వెనక సీట్లోంచి మామయ్యగారు చెయ్యి చాచి ఆయన వీపు నిమురుతూ ఉండిపోయారు. నేను అటు చూడలేక రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక రేచెల్ పంపిన లింకు టీవీలో పెట్టాం. మామయ్యగారు సోఫా మూలన కాదు, మధ్యలో కూర్చున్నారు. నా చావు సీను వచ్చింది. ఒళ్ళో తల పెట్టుకున్న నేను ఇంకా కళ్ళు మూయలేదు.

"ఆపు బాబూ. అక్కడాపు" అన్నారు మామయ్యగారు.

మా ఆయన రిమోట్ నొక్కాడు. పట్టుచీర కట్టుకున్న వాళ్ళమ్మ ప్రాణంతో అలా ఆగిపోయింది. మామయ్యగారు చాలాసేపు చూశారు. మా ఆయన రిమోట్ పట్టుకుని కూర్చున్నాడు గానీ, తెర వైపు మాత్రం తల ఎత్తలేకపోయాడు.